మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ లాజిస్టిక్ మోడల్ ఫిట్ అయిందో లేదో ఎట్ల చూస్తారు? హాస్మర్ లెమెషో పెట్టచ్చా?

ఎంపీహెచ్_అనంతపురం:

అందరికీ నమస్తే. బెంగళూరులో పబ్లిక్ హెల్త్ పీజీ చేస్తాన్నా, థీసిస్ సబ్‌మిషన్ నెత్తి మీదుంది. డేటా ఏమంటే హోస్కోటె, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపుర, నెలమంగల ఈ నాలుగు తాలూకాల్లో నలభై దాకా పీహెచ్‌సీలు, మొత్తం రెండు వేల చిల్లర షుగర్ పేషెంట్లు, కొన్ని సెంటర్లలో ఏడెనిమిది మందే ఉండారు, కొన్నిట్లో నూరు దాటినారు. ఔట్‌కమ్ 0/1, మందులు తీసుకున్నాక మూడు నెలల లోపల మళ్ళీ సెంటర్‌కి వచ్చినారా లేదా అని. ప్రెడిక్టర్లు వయసు, ఆడ మగ, ఇన్సులిన్ మీద ఉండారా మాత్రలేనా, ఇంటి నుంచి సెంటర్‌కి ఎన్ని కిలోమీటర్లు.

ఒకే సెంటర్ పేషెంట్లని విడివిడి మనుషులుగా తీసుకోకూడదు కాబట్టి మామూలు లాజిస్టిక్ వద్దన్నారు, సరే అని ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఎల్ఎమ్ఈ4 ప్యాకేజీతో పీహెచ్‌సీకి రాండమ్ ఇంటర్‌సెప్ట్ (ఒక్కో సెంటర్‌కి దాని సొంత మట్టం) పెట్టి గ్లెమర్ అనే ఫంక్షన్ రన్ చేసినా. ఎర్రర్ రాలేదు, వార్నింగ్ కూడా రాలేదు, ఇంటర్‌సెప్ట్ వేరియన్స్ 1.2 వచ్చింది. ఇంతలో మా గైడ్ సార్ ఫిట్ బాగుందని ఏం చూసి చెప్తావమ్మా, ఏదన్నా ఒక టెస్ట్ పెట్టు అన్నారు. మామూలు లాజిస్టిక్ అయితే హాస్మర్ లెమెషో అనే ఫిట్ టెస్ట్ పీ వాల్యూ రాసేసేదాన్ని, దీనికేం రాయాల? రెసిడ్యుయల్ (అసలు ఫలితానికీ మోడల్ అంచనాకీ తేడా) ప్లాట్ వేస్తే రైలు పట్టాల మాదిరి రెండు గీతలొచ్చినాయి పైనొకటి కిందొకటి, చూస్తానే గుండె ఆగింది. డీవియన్స్‌ని (మోడల్ డేటాకి ఎంత దూరముందో చెప్పే కొలత) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగిస్తే 1 కంటే తక్కువొచ్చింది, అది మంచిదేనా? ఏయూసీ 0.81. ఇది చాలదా? ఎవరన్నా చెప్పండి ప్లీజ్, మా డిపార్ట్‌మెంట్‌లో ఈ మోడల్ తెలిసినోళ్ళు లేరు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:

0.81 అంటే సూపర్ కదా సిస్టర్, మా ఆఫీసులో 0.75 దాటితే ప్రొడక్షన్‌కి తోసేస్తాం. హాస్మర్ లెమెషో కూడా ఒకసారి కొట్టండి, పీ 0.05 పైన వస్తే రాసేయండి. గైడ్‌లకి కావాల్సింది ఒక నంబర్, అంతకు మించి ఎవరూ చదవరు.

కృష్ణాతీరం_బయోస్టాట్:

సిగ్నల్ గారూ, ప్రొడక్షన్‌కి తోసేయడం వేరు, దూరం వల్ల ఫాలోఅప్ తగ్గుతోందని థీసిస్‌లో రాయడం వేరు. ఏయూసీ చెప్పేది ఎవరు ఎవరికన్నా ముందుంటారో ఆ వరస కరెక్టుగా పెట్టామా అని మాత్రమే, ప్రాబబిలిటీలు అన్నీ సగానికి తగ్గించి ఇచ్చినా ఏయూసీ అదే వస్తుంది. పైగా ఆ 0.81 లో ఎంత భాగం పీహెచ్‌సీ రాండమ్ ఎఫెక్ట్ పుణ్యమో, ఎంత భాగం వయసూ దూరాలదో తెలీదు. వేరియన్స్ 1.2 అంటే చిన్నది కాదు. లాజిస్టిక్‌కి లోపలి వేరియన్స్ π²/3, అంటే 3.29 అనుకుంటాం కదా, 1.2 ని 4.49 తో భాగిస్తే ఐసీసీ (మొత్తం తేడాలో సెంటర్ల వాటా) దాదాపు 0.27. సెంటర్ పేరు తెలిస్తేనే పావు వంతు కథ తెలిసిపోతున్న డేటా ఇది.

ఇక అనంతపురం అమ్మాయీ, ఆ రెండు గీతలకి భయపడొద్దు. వై 0 గానీ 1 గానీ తప్ప ఇంకోటి కాదు, అందులోంచి ప్రాబబిలిటీ తీసేస్తే ఎంత గొప్ప మోడల్‌కైనా రెండు గీతలే వస్తాయి. అది ఫిట్ గురించి మంచీ చెప్పదు చెడూ చెప్పదు. డీవియన్స్ బై డీఎఫ్ కూడా అంతే, అది పదిమందిలో ఏడుగురు అన్నట్టు గుంపులుగా ఉన్న బైనోమియల్ డేటాకి పనికొస్తుంది గానీ మనిషికో 0/1 ఉన్న చోట దానికి కై స్క్వేర్‌తో సంబంధమే ఉండదు, ఒక్కో మనిషి 0/1 లో ఓవర్‌డిస్పర్షన్ (మోడల్ అనుకున్నదానికన్నా ఎక్కువ చెదిరి ఉండటం) అనేదే కనపడదు. కాబట్టి 1 కంటే తక్కువొచ్చిందని సంతోషమూ వద్దు.

హాస్మర్ లెమెషో 1980 నాటిది, పరిశీలనలన్నీ దేనికది స్వతంత్రం అనుకుని కట్టినది. పేషెంట్లని ప్రాబబిలిటీ వరసలో పది గుంపులు చేసి, ఒక్కో గుంపులో వచ్చినవాళ్ళు ఎంతమంది, మోడల్ అనుకున్నది ఎంతమంది అని పోల్చి ఎనిమిది డీఎఫ్ కై స్క్వేర్‌తో చూస్తారు. నీ దగ్గర ఒకే పీహెచ్‌సీ జనం మూకుమ్మడిగా ఒకటి రెండు గుంపుల్లోకి వెళ్ళి పడతారు, ప్రాబబిలిటీల్లో రాండమ్ ఎఫెక్ట్ అంచనా కూడా కలిసి ఉంటుంది, ఇక ఆ ఎనిమిది డీఎఫ్ అన్నది నిలబడదు. ఇదంతా పక్కన పెట్టినా పది గుంపుల బదులు పన్నెండు చేస్తే పీ వాల్యూ మారిపోతుంది, శాంపిల్ పెద్దదైతే పిసరంత తేడాకే ఫెయిల్ అంటుంది, చిన్నదైతే దేన్నైనా పాస్ చేసేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇస్తుంది కాబట్టి వాడతారు అంతే.

చేయాల్సింది ఏంటంటే బిన్డ్ రెసిడ్యుయల్ ప్లాట్. ఆర్మ్ అనే ప్యాకేజీలో ఉంది, పెర్ఫార్మెన్స్ ప్యాకేజీలో కూడా ఉంది. దూరాన్ని వరసలో పెట్టి ఒక్కో బిన్‌లో నలభై యాభై మంది వచ్చేలా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెసిడ్యుయల్స్ సగటు చుక్క పెడుతుంది, ప్లస్ ఆర్ మైనస్ రెండు స్టాండర్డ్ ఎర్రర్ల గీతలు గీస్తుంది. నూటికి తొంభై ఐదు చుక్కలు లోపలే ఉండాలి, అంతకన్నా ముఖ్యం వాటిలో వంపు గానీ వాలు గానీ కనపడకూడదు. క్లస్టర్లున్నాయి కాబట్టి ఆ గీతలు ఉజ్జాయింపే. దూరానికి ఒకటి, వయసుకి ఒకటి వేసి ఇక్కడ పెట్టమ్మా. ఫిట్టెడ్ వాల్యూతో ఒక్కటే వేసి ఊరుకోకు.

ఓరుగల్లు_ఆర్:

అక్క చెప్పింది కరెక్ట్. ఒక్కటి యాడ్ జేస్త, ఎందుకంటే ఇది చాలామందిని భయపెడ్తది. ఫిట్టెడ్ వాల్యూస్‌లో రాండమ్ ఎఫెక్ట్స్ కలిపి ఆ ఫిట్టెడ్‌కి ఎదురుగ రెసిడ్యుయల్స్ ప్లాట్ చేస్తే, మోడల్ నూటికి నూరు శాతం కరెక్ట్ ఉన్నా కుడిపక్క కొంచెం పైకి, ఎడమపక్క కొంచెం కిందికి వంగినట్టు కనపడ్తది. ష్రింకేజ్ వల్ల. చిన్న సెంటర్ల అంచనాలను మోడల్ సగటు దిక్కు గుంజుతది కదా, అందుకని బాగా వచ్చే సెంటర్లల్ల అసలు రేటు మోడల్ చెప్పినదానికన్నా పైన, అస్సలు రాని సెంటర్లల్ల ఇంక కింద ఉంటది. దాన్ని చూసి మోడల్ ఖరాబైందని ప్రెడిక్టర్లు పెంచుకుంట పోవద్దు.

ఇటు రాండమ్ ఎఫెక్ట్స్ తీసేసి ఉత్త ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌తోని (వయసు, దూరం లాంటివి) ప్రెడిక్ట్ చేస్తే ఇంకో తిరకాసు. అప్పుడు వచ్చేది రాండమ్ ఎఫెక్ట్ సున్నా ఉన్న నడిమి సెంటర్ ప్రాబబిలిటీ, అన్ని సెంటర్ల సగటు కాదు. లాజిట్ వంకర గీత కాబట్టి ఈ రెండు వేరు వేరు. నీ 1.2 వేరియన్స్‌కి లెక్క కడితే, 0.346 తోని గుణించి 1 కలిపి స్క్వేర్ రూట్ తీస్తే 1.19 దాకా వస్తది, అంటే జనం మొత్తం మీద సగటు కోఎఫిషియెంట్లు గ్లెమర్ ఇచ్చినదాన్ని 1.19 తోని భాగిస్తే వచ్చేటంత. జీఈఈ (జనం మొత్తం సగటు లెక్కగట్టే పద్ధతి) తోని చేసిన నంబర్లు చిన్నగ వచ్చినయి, ఏదో ఒకటి తప్పు అని కొట్లాడుకునేటోళ్ళని మస్తుమందిని చూసిన. రెండూ కరెక్టే, అడిగిన ప్రశ్నలు వేరు.

ఈ తలకాయ నొప్పులన్నిటికి నా మందు సిములేషన్. నీ మోడలే నిజమైతే డేటా ఎట్లుండాలె అని మోడల్‌నే అడుగు. ఫ్లోరియన్ హార్టిగ్ రాసిన ధర్మా ప్యాకేజీ ఇదే జేస్తది, ఫిట్ అయిన మోడల్ నుంచి కొత్త డేటాలు పుట్టించి, నీ అసలు వాల్యూ ఆ పుట్టినవాటిల ఎక్కడ పడ్డదో 0 నుంచి 1 మధ్య నంబర్ ఇస్తది, మోడల్ మంచిదైతే అవి 0 నుంచి 1 దాకా సమానంగ పరుచుకుని ఉంటయి. కాకపోతే 0/1 డేటాల మనిషి మనిషికి చూస్తే దానికి బలం ఉండదు, ప్లాట్ ఎప్పుడూ అందంగనే కనపడ్తది. అండ్లనే రెసిడ్యుయల్స్‌ని గ్రూప్ చేసి మళ్ళ లెక్కగట్టే ఫంక్షన్ ఉంటది, దానితోని పీహెచ్‌సీ వారీగ ఒకసారి, దూరం బిన్ల వారీగ ఒకసారి కలిపి చూడు. అప్పుడు అసలు రంగు బయటపడ్తది.

ఎంపీహెచ్_అనంతపురం:

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కేఆర్ పురం నుంచి మెట్రోలో వస్తా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బిన్డ్ ప్లాట్లు వేసినా. వయసుది బాగానే ఉంది, చుక్కలు పైకీ కిందికీ ఒక లెక్క లేకుండా ఉన్నాయి. దూరానిది మాత్రం ఎడమ పక్క దగ్గరిళ్ళోళ్ళకి అన్నీ ప్లస్, మధ్యలో ఓ పెద్ద ముక్క అంతా మైనస్, చివర దూరమోళ్ళకి మళ్ళీ ప్లస్. గీతలు దాటినవి కూడా ఉన్నాయి. అంటే దూరం తీసేయాలనా?

కృష్ణాతీరం_బయోస్టాట్:

తీసేయడం ఏంటమ్మా, దొరికిందే అది కదా! ప్లస్ మైనస్ ప్లస్ అంటే నువ్వు సరళ రేఖ గీసిన చోట అసలు సంగతి వంపు. మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే రావడం గబగబా పడిపోయి, ఆ తర్వాత పెద్దగా తేడా లేకుండా చదునవుతోందని అర్థం. నడిచి వెళ్ళేవాళ్ళూ బస్సెక్కాల్సినవాళ్ళూ అన్న తేడా అయ్యుండొచ్చు, బస్సెక్కాక ఆరు కిలోమీటర్లకీ తొమ్మిదికీ ఏముంది. దూరానికి లాగ్ పెట్టి చూడు, లేకపోతే మూడు డీఎఫ్ నేచురల్ స్ప్లైన్ (డేటాని బట్టి వంగే గీత) పెట్టు. స్ప్లైన్‌లో సరళ రేఖ ఇమిడి ఉంటుంది కాబట్టి ఆ రెండిటికీ లైక్లీహుడ్ రేషియో టెస్ట్ చేయొచ్చు, లాగ్‌కీ సరళ రేఖకీ మాత్రం ఏఐసీతోనే (తక్కువైతే మేలు అనే స్కోరు) పోల్చాలి, అవి ఒకదాంట్లో ఒకటి లేవు.

ప్రాక్టీస్ కావాలంటే ఎమ్ఎల్ఎమ్‌రెవ్ ప్యాకేజీలో కాంట్రాసెప్షన్ అని బంగ్లాదేశ్ ఫెర్టిలిటీ సర్వే డేటా ఉంది, 60 జిల్లాల్లో 1934 మంది ఆడవాళ్ళు, గర్భనిరోధకాలు వాడుతున్నారా లేదా అని 0/1. ఒక జిల్లాలో ఇద్దరే ఉంటారు, ఇంకో జిల్లాలో 118 మంది, అచ్చం నీ సెంటర్లలాగే. ఎల్ఎమ్ఈ4 రాసినవాళ్ళలో ఒకరైన డగ్లస్ బేట్స్ తన పాఠాల్లో ఇదే డేటా వాడతాడు. వయసు సరళ రేఖగా పెడితే చిన్నవాళ్ళలోనూ పెద్దవాళ్ళలోనూ వాడకం తక్కువ, మధ్య వయసులో ఎక్కువ అన్నది మాయమైపోతుంది, వయసు స్క్వేర్ పెడితేనే తేలుతుంది. అది పట్టిచ్చింది ఏ టెస్టూ కాదు, వయసుకి ఎదురుగా గీసిన ఒక స్మూత్ గీత.

ఇంకొకటి, నీ దూరం వేరియబుల్‌లో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకే సెంటర్‌లో దగ్గరవాళ్ళకీ దూరంవాళ్ళకీ తేడా ఒకటి, అసలు ఆ సెంటర్ పరిధే పెద్దదవడం ఇంకోటి. పల్లెలు విసిరేసినట్టున్న చోట సెంటర్ సగటు దూరం ఎక్కువ ఉంటుంది, అలాంటి సెంటర్‌లో స్టాఫ్ కూడా తక్కువుంటే రాండమ్ ఇంటర్‌సెప్ట్‌కీ దూరానికీ సంబంధం వచ్చేస్తుంది, మోడల్ ఆ రెండూ సంబంధం లేనివని ఒట్టేసుకుని కూర్చుంది. సెంటర్ సగటు దూరాన్ని ఇంకో వేరియబుల్‌గా పెట్టు. ముండ్లాక్ 1978 లో చెప్పిన ఉపాయం, ఎకనామిక్స్‌వాళ్ళకి బాగా తెలుసు, మన హెల్త్‌వాళ్ళు ఎందుకో పట్టించుకోరు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:

ఇంత చేసినా ఏయూసీ 0.81 నుంచి 0.815 అవుతుంది చూడండి. దానికోసం ఇంత అవసరమా అని నా డౌట్ అంతే.

ఓరుగల్లు_ఆర్:

అవ్వకపోవచ్చు కూడ భయ్యా, పెరగాలని ఎవరన్నరు. ఆమె రాసేది దూరం గురించి. ఐదు కిలోమీటర్ల అవతల సబ్‌సెంటర్ పెట్టాల్నా, రెండు కిలోమీటర్లకే పెట్టాల్నా అన్నది ఆ వంపు మీదనే ఉంటది, ఏయూసీ మీద కాదు.

ఏయూసీ కావాల్ననుకుంటే అది తీసే పద్ధతి కూడ మార్చాలె. ఒక్కో పీహెచ్‌సీని మొత్తం పక్కకు పెట్టి, మిగిలినవాటితోని ఫిట్ చేసి, పక్కకు పెట్టినదాన్ని ప్రెడిక్ట్ చెయ్యాలె. పేషెంట్లని రాండమ్‌గ పది ముక్కలు చేస్తే అదే సెంటర్ మనుషులు అటూ ఇటూ ఉంటరు, జవాబు ముందే తెలిసినట్టే కదా. రేపు కొత్త సెంటర్‌కి ఈ మోడల్ పనిజేస్తదా అంటే పక్కకు పెట్టిన సెంటర్ మీద ఎంతొచ్చిందో అదే చెప్పాలె. 0.81 అక్కడ ఎంతవుతదో పెట్టమ్మా.

మారతహళ్ళి_పీజీ:

మధ్యలో దూరుతున్నా. గ్లెమర్ డిఫాల్ట్ లాప్లాస్ అప్రాక్సిమేషన్, అంటే రాండమ్ ఎఫెక్ట్ లెక్కని ఉజ్జాయింపుగా కట్టడం, ఎన్ఏజీక్యూ అనే సెట్టింగ్ 1 అంటే అదే. మీకు ఒకే ఒక్క రాండమ్ ఇంటర్‌సెప్ట్ ఉంది కాబట్టి దాన్ని 10, ఆ తర్వాత 20 పెట్టి రన్ చేయండి, నంబర్లు కదలకపోతే హాయి, కదిలితే చిన్న సెంటర్ల దగ్గర లాప్లాస్ తడబడుతోందని. రాండమ్ స్లోప్ (సెంటర్‌కో వేరే వాలు) పెడితే ఈ సదుపాయం ఉండదు. ఎస్‌పీఎస్‌ఎస్ పాత పద్ధతిలో చేసినవాళ్ళ థీసిస్‌లతో మాత్రం మీ వేరియన్స్ పోల్చుకోవద్దు, ఆ పీక్యూఎల్ పద్ధతి 0/1 డేటాకి వేరియన్స్ తక్కువ చేసి చూపిస్తుంది. నేనైతే బీఆర్‌ఎమ్‌ఎస్‌లో బేసియన్‌గా వేసి పోస్టీరియర్ ప్రెడిక్టివ్ చెక్ చేసేవాణ్ణి, కానీ సబ్‌మిషన్ ముందు కొత్త ప్యాకేజీ జోలికి వెళ్ళమని శత్రువుకి కూడా చెప్పను.

ఎంపీహెచ్_అనంతపురం:

అప్‌డేట్. లాగ్ దూరం పెట్టినాక బిన్డ్ ప్లాట్‌లో వంపు పోయింది, ఏఐసీ కూడా బాగా తగ్గింది. సెంటర్ సగటు దూరం పెట్టినా, సెంటర్ లోపలి దూరం కోఎఫిషియెంట్ పెద్దగా మారలేదు, వేరియన్స్ మాత్రం 1.2 నుంచి 0.9 కి దిగింది. ఎన్ఏజీక్యూ 10 కీ 20 కీ మూడో డెసిమల్‌లో తేడా అంతే. సెంటర్‌ని పక్కన పెట్టి తీస్తే ఏయూసీ 0.66 😭 సిగ్నల్ అన్నా నవ్వద్దు.

రాండమ్ ఎఫెక్ట్స్ క్యూక్యూ ప్లాట్ (నార్మల్ ఆకారంలో ఉన్నాయా అని చూసేది) కూడా వేసినా, గీత మీదే ఉన్నాయి ఒక్కటి తప్ప. ఇది చాలునా నార్మల్ అని రాయడానికి? దూరానికి రాండమ్ స్లోప్ కూడా పెట్టాలనా?

కృష్ణాతీరం_బయోస్టాట్:

0.66 కి ఏడుపెందుకు, నిజాయితీ ఉన్న నంబర్ అది. వయసూ దూరమూ తెలిస్తే ఎవరు వస్తారో అంతంతమాత్రంగానే చెప్పగలం, మిగతాదంతా సెంటర్‌ని బట్టి ఉంది అని రాయి, నీ థీసిస్‌లో అందరూ చదివే వాక్యం అదే అవుతుంది.

క్యూక్యూ ప్లాట్ గీత మీదుందని నార్మల్ అని రాయకు. చిన్న సెంటర్ల అంచనాలు నార్మల్ అనుకునే లాగబడ్డాయి, అవి నార్మల్‌గా కనపడక ఏం చేస్తాయి. అది తేడాగా ఉంటే పనికొచ్చే సమాచారం గానీ బాగుంటే పెద్ద సాక్ష్యం కాదు. అదృష్టం ఏంటంటే ఆ ఆకారం కొంచెం తప్పినా ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ వాలులు పెద్దగా చెడవు, ఇంటర్‌సెప్టే కాస్త కదులుతుంది. స్లోప్ విషయానికొస్తే, సెంటర్ సెంటర్‌కీ దూరం ప్రభావం మారుతుందని నీకు అనుమానం ఉంటే పెట్టి పోల్చు. వేరియన్స్ సున్నా అన్నది అంచున ఉంటుంది కాబట్టి మామూలు రెండు డీఎఫ్ పీ వాల్యూ కాస్త పెద్దగా వస్తుంది, ఒకటీ రెండూ డీఎఫ్‌ల సగం సగం కలయిక వాడాలి. సింగ్యులర్ ఫిట్ అని మెసేజ్ వస్తే ఈ డేటా అంత భారం మోయదని అర్థం, ఇంటర్‌సెప్ట్‌తోనే ఆపెయ్.

ఆ ఒక్కటి తప్ప అన్నావే, ఆ ఒక్కటి ఏంటి? ఎంతమంది ఉన్నారు అక్కడ?

ఓరుగల్లు_ఆర్:

అదే నేను గూడ అడుగుదామనుకున్న. మోడల్ నుంచి వెయ్యి డేటాలు సిములేట్ చెయ్యి, రాండమ్ ఎఫెక్ట్స్ కూడ ప్రతిసారి కొత్తగ పుట్టేటట్టు. ఒక్కో డేటాల అన్నిటికన్న తక్కువ ఫాలోఅప్ ఉన్న పెద్ద సెంటర్ రేటు ఎంతొచ్చిందో రాసుకో. నీ అసలు డేటాల ఆ సెంటర్ రేటు ఆ వెయ్యిల యాడ పడ్తదో చూడు.

ఎంపీహెచ్_అనంతపురం:

చూసినా. ఆ సెంటర్‌లో ఎనభై మందికి పైన ఉన్నారు, తిరిగొచ్చినోళ్ళు ఇద్దరు. సిములేషన్లలో అంత తక్కువ ఎక్కడా రాలేదు. పేరు ఇక్కడ రాయను గానీ అంత పనికిమాలిన సెంటర్ అయితే కాదు, నేను పోయినప్పుడు నర్సక్క అందరినీ పేరు పెట్టి పిలుస్తాండె. డౌటొచ్చి ఫోన్ చేసినా. వాళ్ళు మొదటిసారి వచ్చినోళ్ళని ఓపీ రిజిస్టర్‌లో రాస్తారంట, మళ్ళీ వచ్చినోళ్ళని బీపీ షుగర్‌కి విడిగా పెట్టిన పుస్తకంలో రాస్తారంట. మా టీమ్ ఎంట్రీ చేసింది ఓపీ రిజిస్టర్ ఒక్కటే.

కృష్ణాతీరం_బయోస్టాట్:

అయితే అవి సున్నాలు కావమ్మా, మిస్సింగ్. ఆ రెండో పుస్తకం ఫోటోలు తెప్పించుకో, వీలుకాకపోతే ఆ సెంటర్ తీసేసి ఎందుకు తీశావో రాయి. మిగతా సెంటర్లలో కూడా రెండు పుస్తకాలున్నాయేమో అడుగు, ముఖ్యంగా అడుగున ఉన్న ఐదారు సెంటర్లని. తర్వాత మళ్ళీ ఫిట్ చేసి వేరియన్స్ ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టు, ఆ 0.9 అలాగే ఉంటుందని నేననుకోను.